తూము కాడ బువ్వ

పోయిన వేసవిలో నంద్యాలలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లకు శిక్షణ జరుగుతుంటే, పాతవాణ్ని గదా అని నన్నూ ఒక గంట మాట్లాడమని పిలిచారు. కాలువల మీద తిరిగి తిరిగి జుట్టు నెరిపించుకున్నవాణ్ని కాబట్టి తూముల గురించీ, షట్టర్లకు గ్రీజు పెట్టడం గురించీ, పూడిక గురించీ చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. ఒకరిద్దరు నిద్రపోయారు. అదీ న్యాయమే, ఎండ అలా ఉంది.

చివర ఒక అమ్మాయి లేచి అడిగింది. "సార్, ఎండలు ఏటేటా పెరుగుతున్నాయి. వాన రావలసినప్పుడు రాదు, వస్తే ఊళ్లు ముంచేస్తుంది. భూమే మారిపోతోందంటున్నారు. మేము రిటైరయ్యేనాటికి పంచడానికి నీళ్లే లేకపోతే ఈ తూములెందుకు సార్? మనుషులు దీన్ని తట్టుకుంటారని మీకు నిజంగా నమ్మకముందా?"

"ముందు షట్టర్లు సరిగ్గా చూసుకోండమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు అదే గుర్తుకొచ్చింది. అడిగినదొకటి, నేను చెప్పినది ఇంకొకటి.

నమ్మకం ఉందని చెప్పడానికి నా దగ్గర సిద్ధాంతాలు లేవు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ప్రతిరోజూ రాసుకున్న డైరీలున్నాయి. వాటిల్లో ఎక్కువ భాగం వాన పడిందా లేదా, కాలువలో నీళ్లెంత, మధ్యాహ్నం ఎక్కడ తిన్నాను అనే ముచ్చట్లే. వాటి సాయంతో ఒక్క కాలువ గురించి, ఒక్క కరువు ఏడాది గురించి రాస్తాను. ఆ అమ్మాయికి చేరితే సంతోషం. పేర్లు రాయను. ఉన్నవాళ్లకు ఇబ్బంది, పోయినవాళ్లకు అవసరం లేదు.

డెబ్బైల్లో డిప్లొమా చేసి నీటిపారుదల శాఖలో సూపర్‌వైజరుగా చేరాను. మొదట నంద్యాలలో ఆఫీసు పని. ఎనభైల మొదట్లో ఆళ్లగడ్డ సెక్షనుకు వేశారు. "ఆడ నీళ్ల కన్నా కొట్లాటలు జాస్తి పారతాయి నాయనా, గొడుగు కాదు, హెల్మెట్టు తీసకపో" అని మా హెడ్ క్లర్కు దీవించి పంపాడు.

నాకప్పగించిన వాటిలో ఒక పిల్లకాలువ ఉండేది. పెద్ద కాలువ నుంచి చీలి, పొలాల మధ్య మెలికలు తిరిగి, చివరకు ఒక కుంటలో పడి అక్కడితో అయిపోయేది. దాని మొదట్లో ఒక ఊరు, చివర ఒక ఊరు. ఎగువ ఊరు, దిగువ ఊరు అనుకుందాం. ఎగువ ఊళ్లో వరి, పసుపు, అరటి. దిగువ ఊళ్లో నల్లరేగడి మీద జొన్న, పత్తి. దిగువ ఊరి బావులన్నీ ఉప్పునీళ్లే. పశువులు కూడా మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. ఊరంతా తాగేది ఆ కుంట నీళ్లు.

కుంట మధ్యలో పడుకున్న దున్నపోతులాంటి పెద్ద గుండు ఒకటి ఉంది. దాన్ని దున్నపోతు రాయి అనేవాళ్లు. కాలువకు నీళ్లు కట్టేసేలోపల ఆ రాయి తల మునిగితే, వచ్చే వానల దాకా ఊరు ఊళ్లో ఉంటుంది. మునగకపోతే వేసవి ముదరకముందే తట్టాబుట్టా సర్దుకోవాలి. అంతకు ముందొక కరువులో రాయి మునగలేదు. సగం ఊరు బేతంచెర్ల బండల గనులకు కూలికి పోయింది. కొందరు మళ్లీ రాలేదు.

నేను చెప్పే ఏడాది పైన వానల్లేవు, నదిలో నీళ్లు అంతంతమాత్రం. కాలువకు నీళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఎగువ ఊరివాళ్లు నాట్లు ఆలస్యంగా వేశారు. అందుకని డిసెంబరు వచ్చినా వరి ఇంకా పొట్ట మీదే ఉంది. ఒక్క తడి అందితే గింజ పడుతుంది, అందకపోతే గడ్డి. అదే సమయానికి దిగువ ఊరి కుంటలో అడుగు కనబడుతోంది. కాలువను ముందుగానే కట్టేస్తారని అందరికీ తెలుసు. ఎప్పుడన్నది ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నీళ్లు తక్కువని తెలిస్తే మనిషి పొదుపు చేస్తాడని మేమనుకునేవాళ్లం. జరిగింది తలకిందులు. అయిపోతున్నాయని తెలిసిన రోజు నుంచీ ఎగువ ఊళ్లో తూములు ఎప్పుడు పడితే అప్పుడు లేచేవి. తడిసిన మడినే మళ్లీ తడిపేవాళ్లు. ఎందుకని అడిగితే ఒక రైతు, "ఎట్లా పోయేదే గద సార్, పోయేలోపల మన మడిలో నిలబెట్టుకుందామని" అన్నాడు. ఇప్పుడు పేపర్లో భూమి గురించి పెద్ద పెద్ద దేశాలు మాట్లాడుకున్న సంగతులు చదువుతుంటే నాకు ఆ రైతు గొంతే వినబడుతుంది.

మా అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏ.ఇ. గారు, మంచివాడు, కుర్రవాడు, తాళాలంటే గొప్ప నమ్మకం ఉన్నవాడు. ప్రతి తూముకూ ఇత్తడి తాళం వేయించాడు. తాళపు చెవుల గుత్తి మా లస్కరు మొలకు కట్టుకున్నాడు. కాలువ గట్టు మీద తిరిగి తూములు ఎత్తడం, దించడం లస్కరు పని. మావాడు నాకంటే పెద్ద. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఏం కూరో గాలి వాసన పట్టి చెప్పగలడు. గట్టిగా ఎవరైనా అరిస్తే మాత్రం కనబడడు. గుత్తి గలగలలాడించుకుంటూ నడుస్తుంటే అతను వచ్చే సంగతి రెండు పొలాల అవతలికే తెలిసేది. తీరా పోయి చూస్తే తాళాల రంధ్రాల్లో చింతపండు గుజ్జు, దాని మీద బంకమట్టి. చెవి దూరదు, వంతుకు ఎత్తిన తూమును మళ్లీ దించడానికి లేదు.

"తాళం గూడా పులుపు తింటాంది సార్" అన్నాడు లస్కరు.

అప్పుడు ఏ.ఇ. గారు ఆళ్లగడ్డ నుంచి వెల్డింగు మనిషిని పిలిపించి, తాళాలు కోయించి, షట్టర్లను దించిన చోటనే అతికించేశాడు. మేమంతా ఒక పని అయిందని టీ తాగాం. మరుసటి రోజు తూము పక్కన కట్టనే తెగగొట్టారు. ఆ గండిలో నుంచి పోయిన నీళ్లు ఎవరి మడికీ పారలేదు, ఎవరి కుంటకూ చేరలేదు. వంకలో కలిసిపోయాయి. ఇసుక మూటలు మోసి గండి పూడ్చి, వెల్డింగు మళ్లీ మేమే కోయించుకున్నాం. ఆ రోజు డైరీలో "పని జరిగింది" అని మాత్రం రాసుకున్నాను. ఏం పనో రాయడానికి చెయ్యి రాలేదు.

మిగిలింది పాత పద్ధతి. కరువు ఏడాదుల్లో దిగువ ఊరివాళ్లు ఎగువ తూముల దగ్గర తమ మనుషుల్ని కావలి పెట్టుకునేవాళ్లు. ఎగువవాళ్లు అడ్డు చెప్పేవాళ్లు కాదు, అది తాతల నాటి కట్టుబాటు. కావలివాడు సద్దిమూట కట్టుకుని వస్తాడు, గట్టు మీద కంబళి పరుచుకుని కూర్చుంటాడు. అయితే అందులో ఒక లోపం ఉంది. రొట్టెలు ఎన్నాళ్లని నిలవుంటాయి? బూజు పట్టగానే కావలివాడు ఊరికి నడుచుకుంటూ పోయి తిని, మూట కట్టుకుని రావాలి. ఆ పోయి వచ్చే సందులోనే తూములు లేచేవి. ఎవరు ఎప్పుడు పోతాడన్నది ఎగువ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు.

కావలివాళ్లకు రోజూ భోజనం ఏర్పాటు చేస్తే సగం గొడవ తీరుతుందని నంద్యాల ఆఫీసుకు రాశాను. ఇసుకకు పద్దుంది, గ్రీజుకు పద్దుంది, అన్నానికి లేదని జవాబొచ్చింది. ఆఫీసుకు పోయినప్పుడు హెడ్ క్లర్కు నవ్వి, "గ్రీజు తింటారేమో కనుక్కో" అన్నాడు.

ఎగువ ఊరి మొదటి తూము అన్నింటికంటే పెద్దది. దాని కింద మళ్లన్నీ ఒక పెద్దరైతువి. నోటి దురుసు మనిషి, పనిమంతుడు. కాలువ మీద ఏ తగవొచ్చినా గడారి, అదే గునపం, భుజానేసుకుని ముందుండేవాడు. ఆ తూముకు దిగువ ఊరి నుంచి కావలికి వచ్చినాయన ఇల్లు ఊరి చివర చర్చి పక్కన. కూలిపని, కొంచెం కౌలు సేద్యం. ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేవాడు. ముందరి కరువులో బండల గనులకు పోయి తిరిగొచ్చాడు. ఆయన తమ్ముడు తిరిగి రానివాళ్లలో ఒకడు. కాబట్టి దున్నపోతు రాయి మునగడమంటే ఏమిటో ఆయనకు నేను చెప్పనక్కర లేదు.

ఒక మధ్యాహ్నం నేను ఆ తూము దగ్గర నీటిమట్టం చూసుకుంటున్నాను. కావలాయన గట్టు మీద కూర్చుని ఎండు జొన్నరొట్టెను కాలువ నీళ్లలో తడుపుకుని నములుతున్నాడు. పెద్దరైతు తల్లి పసుపు చేను వైపు నుంచి వస్తూ ఆగింది. పొట్టి మనిషి, గట్టి గొంతు.

"ఏమప్పా, దినామూ అదేనా?"

"అవును పెద్దమ్మా."

"పల్లున్నాయా, పోయినాయా?"

"ఇంగా ఉండాయి."

ఆమె ఇంటి దారి పట్టింది. మరునాడు నేను అటు వెళ్లేసరికి ఒక సత్తు గిన్నెలో అన్నం, పప్పు, శనక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చి గట్టు మీద పెట్టి, ఆయన ముందు ఆకు పరుస్తోంది. అన్నం పై నుంచి వడ్డించింది, గరిటె ఆకుకు తగలకుండా. ఆ రోజుల్లో ఆ రెండిళ్ల మధ్య అన్నం నడవడం చిన్న సంగతి కాదు. అది నడిచింది, కానీ అలా నడిచింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆయన కళ్లు మూసుకుని చేతులు కట్టుకున్నాడు. ఆమె కాసేపు చూసింది.

"ఏందప్పా, పప్పు సల్లారిపోతాంటే నిద్రపోతాండావా?"

"దేవునికి చెప్పుకుంటాండా పెద్దమ్మా, బువ్వ ఇచ్చినందుకు."

"వండింది నేనైతే ఆయనకు చెప్పుకుంటాండావే!"

లస్కరు చెట్టు కింద నుంచి గట్టిగా నవ్వాడు. సరిగ్గా అప్పుడే పెద్దరైతు గడారి భుజాన వేసుకుని వచ్చాడు. లస్కరు నవ్వు ఆగింది. లస్కరు కూడా కనబడలేదు.

"ఏమ్మా, ఎవురికి పెడతాండావ్?"

"నీ తూముకు కావలుండే ఆయప్పకు."

"నా నీళ్లు ఆపేదానికి వచ్చినోనికి నా బువ్వ పెడతాండావా?"

"బువ్వ నాది. నువ్వు యేనాడన్నా వండినావా?"

పెద్దరైతు నా వైపు చూశాడు, నేను నీళ్ల వైపు చూశాను. కావలాయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. "మా చేని కాడ కూచోని ఒక మనిషి ఎండు రొట్టె నములుతాంటే మనకు ముద్ద యెట్ల దిగుతాదిరా?" అంది తల్లి. ఆమె వాదమంతా అదే. కరువు గురించి గానీ, న్యాయం గురించి గానీ ఒక్క మాట లేదు.

పెద్దరైతు గడారి కింద పెట్టి గట్టు మీద కూలబడ్డాడు. "కానీయప్పా, తిను. తినే మనిషి ముందర తూమెత్తేది బాగుండదు. తిన్నాక ఎత్తుతా" అన్నాడు.

అంత నిదానంగా అన్నం తిన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మెతుకు మెతుకూ ఏరుకుని తిన్నాడు. ఊరిబిండి వేలితో రాసుకుని రాసుకుని నాకాడు. పెద్దరైతు బీడీ మీద బీడీ కాల్చాడు. చివరకు లేచి గడారి దులుపుకుని, "నీ పాసుగాల, ఇంత సేపు పెండ్లిలో గూడా తినర్రా" అని తిట్టి ఇంటికి పోయాడు. తూము లేవలేదు.

ఆ సాయంత్రమే ఊళ్లో అతను చేసిన పని ఇంకొకటి ఉంది. "మా ఇంట్లోనే పెట్టాల్నా? మిగతా తూముల కాడ ఉండేటోళ్లు మనుషులు కాదా? మీ ఇండ్లల్లో పొయ్యిలు ల్యావా?" అని రచ్చబండ దగ్గర అందరినీ వేసుకున్నాడట. ధర్మబుద్ధితో అన్నాడని నేననుకోను. తన ఇంటి మీదే భారం పడడం అతనికి నచ్చలేదు. ఏదైతేనేం, వంతులు ఏర్పడ్డాయి. ఒకసారి వంతులు ఏర్పడ్డాక ఆడవాళ్ల మధ్య పోటీ వచ్చింది. వాళ్లింటి పప్పు నీళ్లపప్పట, వీళ్లింటి నుంచి వంకాయ కూర వచ్చిందట. తూములన్నీ పరీక్షించాలనే నెపంతో మా లస్కరు అన్నింటి దగ్గరా రుచి చూసేవాడు. ఆ నెలలో అతను బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించుకున్నాడు.

కావలివాళ్లు ఇక ఊరికి పోనక్కర లేకపోయింది. తూములు లేచే సందు పోయింది. ఇది మొదటి లాభం. రెండోది మేమెవరమూ అనుకోనిది. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లకు మాటలొస్తాయి. ఒకరోజు పెద్దరైతు, "మీ బాయిల నీళ్లు అంత ఉప్పంటారే, నిజమేనా, ఊరికే అంటారా?" అని అడిగాడు. కావలాయన ఊరి నుంచి ఒక సీసాలో తెప్పించి ఇచ్చాడు. పెద్దరైతు ఒక గుక్క తాగి, ఉమ్మి, మూతి తుడుచుకుని సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. తర్వాత, "మీ ఇండ్లల్లో పప్పుకు ఉప్పు పనిల్యాదు" అన్నాడు. నవ్వడానికే అన్నాడు గానీ ఎవరూ నవ్వలేదు, అతను కూడా. కావలాయన కూడా రోజూ గట్టు మీద నుంచి ఆ వరిని చూస్తూనే ఉన్నాడు. ఆకులు చుట్టుకుపోవడం, మడి పగుళ్లివ్వడం ఆయన కళ్ల ముందే. సేద్యం తెలిసిన మనిషి ఎండే పైరును ఎవరిదని చూడలేడు.

అప్పటికి కుంటలో నీళ్లు దున్నపోతు రాయి మోకాళ్ల దాకా వచ్చాయి. ఇంకా వారం పాటు నీళ్లుంటాయని ఆఫీసు మాట. ఆ లెక్కన ముందు కుంట నింపి, తర్వాత వరికి తడి ఇవ్వాలని రెండు ఊళ్లూ ఒప్పుకున్నాయి.

క్రిస్మస్ దగ్గరపడింది. చర్చికి సున్నం కొట్టాలన్నా నీళ్లు దొరక్క గోడలు అలాగే ఉన్నాయని కావలాయన నాతో అన్న రోజే ఆళ్లగడ్డ ఆఫీసుకు ఫోనొచ్చింది. వారం లేదు. మర్నాడు సాయంత్రానికి పెద్ద కాలువ కట్టేస్తారు. మిగిలిన నీళ్లన్నీ తాగునీటికే, ఒక్క తూమూ తెరవకూడదు. ఏ.ఇ. గారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "మీరే చెప్పాలి వాళ్లకు. నేను వస్తే నాకు తాళాలు గుర్తు చేస్తారు" అన్నాడు.

ఆ సాయంత్రం ఎగువ ఊరికి పోయి చెప్పాను, తూముల దగ్గర కావలివాళ్లకు కూడా. తిట్టలేదు, అరవలేదు. పెద్దరైతు "సరే సార్" అని లోపలికి పోయాడు. ఆ "సరే" నాకు తిట్టుకన్నా కష్టమనిపించింది.

మర్నాడు పొద్దున్నే సైకిలు మీద మొదటి తూము దగ్గరకు పోయాను. దూరం నుంచే చప్పుడు వినబడింది. తూము ఎత్తి ఉంది. నీళ్లు పెద్దరైతు మళ్లలోకి దూకుతున్నాయి. సైకిలు పడేసి పరుగెత్తాను.

"ఎవురెత్తినారు?"

కావలాయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. "నేనే సార్."

"నువ్వా? నీకేమన్నా పిచ్చా? నిన్న చెప్పలేదా మీకు?"

"చెప్పినారు సార్. అందుకే తెల్లారంగనే ఎత్తినా. ఈ ఒక్క పూట. ఎండ నెత్తికొచ్చే లోపల దించుతా. ఈ చేనుకు ఒక్క తడి పడితే గింజొస్తాది. మాకు కుంట రవంత తగ్గుతాది. తగ్గితే ముంతతో కొలుచుకోని తాగుతాం. ఈళ్లకు కొలుచుకునేదానికి గింజే ఉండదు గదా."

షట్టరు దించమని చెప్పడానికి నోరు తెరిచాను. కాగితం జేబులోనే ఉంది. పెద్దరైతు అప్పటికే మడిలో ఉన్నాడు, పారతో మడవలు కట్టుకుంటూ. మా వైపు చూడడం లేదు. అతనికి కూడా పొద్దున లేచి చూసేదాకా తెలియదట.

ఇంతలో దిగువ ఊరి నుంచి ట్రాక్టరు వచ్చింది. కుంటకు నీళ్లు సన్నబడ్డాయని మనుషులు నిండుగా వచ్చారు. వాళ్ల పెద్దమనిషి దిగుతూనే తూమును చూశాడు, పెద్దరైతును చూశాడు, చివరికి గట్టు మీద నిలబడ్డ తమ మనిషిని చూశాడు.

"ఏందీ, ఏం జరుగుతాంది ఈడ?"

"నేనే ఎత్తినా మామా."

"గిన్నెడు బువ్వకు అమ్ముడుపోయినావా?"

సత్తు గిన్నె పట్టుకుని అప్పుడే వచ్చిన పెద్దరైతు తల్లి ఆ మాట వినింది. కావలాయన తల వంచుకుంటాడనుకున్నాను. వంచుకోలేదు.

"బువ్వ పెట్టినందుకే ఎత్తినా మామా. పెట్టకుంటే ఎత్తేవాణ్ని కాదు. నన్ను ఈడ కూచోబెట్టింది మీరే. కూచుంటే కండ్లు మూసుకోని కూచోల్నా? నువ్వొచ్చి దినామూ ఈ మడి ముందర కూచో. నువ్వు గూడా ఎత్తుతావ్."

"కుంట నిండకుంటే?"

"నిండకుంటే నన్ను ఊళ్లోకి రానీయొద్దు. మళ్లా బండలకు నేనే మొదట పోతా."

పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "సార్, గవర్నమెంటు ఆర్డరేంది?"

"మొత్తం తాగునీటికే" అన్నాను. దించమని మాత్రం అనలేదు. దించమంటే దించేవాళ్లు. ఆ పని నా ఉద్యోగం. కాగితం బయటికి తీశాను కూడా.

అప్పుడు మడిలో నుంచి పెద్దరైతు పైకి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. ఎవరితోనూ మాట్లాడకుండా తూము మీదికెక్కి షట్టరు చక్రం రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ చక్రాన్ని పైకి తిప్పడమే గానీ కిందికి తిప్పడం అతను జన్మలో చేసి ఉండడు. ఎటు తిప్పాలో ఒక్క క్షణం తడబడ్డాడు కూడా.

"ఏం చేస్తాండావన్నా?" అన్నాడు కావలాయన. అంతవరకూ అతన్ని "పెద్దాయనా" అని పిలిచేవాడు. "ఇంగా పొద్దుంది. దిగమళ్లు తడవల్యా."

"పై మళ్లు తడిసినాయి. సాలు. దిగమళ్లు పసులకు మేతైతాయిలే." చక్రం బిగుసుకుంది. "ఏమప్పా సార్, గ్రీజు పెట్టించరా యేనాడూ? ఒకరు పట్టండి!"

ట్రాక్టరు దిగిన మనుషుల్లో ఇద్దరు తూమెక్కి చక్రం పట్టారు. వాళ్లలో ఒకరు దిగువ ఊరి పెద్దమనిషి. షట్టరు దిగింది. మడిలో నీళ్ల చప్పుడు ఆగి, కాలువలో నీళ్లు మళ్లీ ముందుకు కదిలాయి. నేను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆర్డరు అమలైంది. ఏ.ఇ. గారికి అదే చెప్పాను, అబద్ధం కాదు.

"బువ్వ తెచ్చింది ఒకనికే. ఇంత మంది దిగినారు. మా ఊళ్లోకి పోండి, ఇంటింటా పొయ్యి మీద ఇంగొక ఎసరు పెట్టమని చెప్పండి" అంది పెద్దరైతు తల్లి, ఎవరో ఒకరిని గాక అందరినీ ఉద్దేశించి.

సాయంత్రం పెద్ద కాలువ కట్టేశారు. పిల్లకాలువలో మిగిలిన నీళ్ల వెంట గట్టు మీద మేమంతా దిగువకు నడిచాం. ఎగువ ఊరివాళ్లు కూడా కొందరు వచ్చారు. దారిలో ప్రతి తూము దగ్గరా ఆగి సందుల్లో మట్టి పూసి, ఎవరూ చెప్పకుండానే చుక్క పోకుండా చూశారు. కుంట దగ్గర అందరూ నిలబడి చూశారు. దున్నపోతు రాయి వీపు మునిగింది. మెడ మునిగింది. తల మునగలేదు.

తల మునగలేదు కాబట్టి ఆ వేసవి సుఖంగా గడవలేదు. బట్టలు ఉప్పునీళ్లలోనే ఉతికారు, పశువుల్ని కుంటలో దించలేదు, ఇంటికింతని బిందెలు వంతులేసుకున్నారు. ఎగువ ఊరి దిగమళ్ల వరి గడ్డి బండ్ల మీద దిగువ ఊరి ఎద్దులకు వచ్చింది. పెద్దరైతు పంటలో సగం పోయింది. కానీ వానలు వచ్చేదాకా ఊళ్లో ఒక్క ఇంటికీ తాళం పడలేదు. కావలాయనను బండలకు పొమ్మన్నవాళ్లెవరూ లేరు. మరుసటి ఏడు కాలువకు నీళ్లు దండిగా వచ్చాయి. కావలి అవసరమే లేదు. అయినా ఎగువ ఊరి ఆడవాళ్లు లస్కరును ఆపి, "కావలోళ్లు ఈసారి రారా?" అని అడిగారట. వాళ్లు రానందుకు మావాడు దిగులుపడ్డాడు, తన కారణాలు తనకున్నాయి.

అమ్మాయీ, నువ్వడిగిన దానికి నాకు తెలిసిన జవాబు ఇది. ఒక పిల్లకాలువకూ భూగోళానికీ పోలిక పెట్టడం అతి అని నాకూ తెలుసు. భూమి మీద ఎగువ ఊళ్లలాంటి దేశాలు దూరంగా ఉన్నాయి, దిగువ ఊళ్ల రొట్టె వాళ్లకు కనబడదు. వాళ్లు మంచివాళ్లవుతారని నేను ఎదురుచూడడం లేదు. మా పెద్దరైతు ముందు మంచివాడై తర్వాత తూము దించలేదు. తల్లి అన్నం పెట్టింది, మొహమాటపడ్డాడు, కూర్చున్నాడు, ఉప్పునీళ్లు రుచి చూశాడు, ఆ తర్వాత దించాడు. ఆ ఏడాది తాళాలు ఓడిపోయాయి, వెల్డింగు ఓడిపోయింది, అయిపోతోందన్న భయం అందరికన్నా ఎక్కువ చెడు చేసింది. పనిచేసింది తూము దగ్గర అవతలి ఊరి మనిషికి చోటుండడం, ఆ మనిషికి పూటపూటా అన్నం అందడం. అలాంటి చోట్లు కట్టడం కూడా ఇంజనీర్ల పనే అనుకుంటాను. పద్దు లేదంటారు. నాకూ అన్నారు. అయినా రాస్తూ ఉండు.

ఆ క్రిస్మస్ సంగతి చెప్పి ముగిస్తాను. చర్చికి ఆ ఏడు సున్నం కొట్టలేదు, రంగు కాగితాలు మాత్రం కట్టారు. కావలాయన నన్నూ లస్కరునూ భోజనానికి పిలిచాడు. మేము తింటుండగా ట్రాక్టరు ఆగింది. పెద్దరైతు, అతని తల్లి. అతను ఇంటి ముందు నిలబడి, ఏం చేయాలో తెలియక ట్రాక్టరు టైరును తన్ని చూస్తున్నాడు. ఆమె మాత్రం నేరుగా వచ్చి అరుగు మీద కూర్చుంది.

ఏం ఇవ్వవచ్చో, ఏం ఇవ్వకూడదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు. కావలాయన భార్య గడపలో అలాగే నిలబడిపోయింది.

"ఏందమ్మా, అట్ల నిలబడినావ్? ఇంత దూరం ఎండలో వచ్చినా. ఒక చెంబుడు నీళ్లన్నా ఇయ్యవా?"

ఇల్లాలు లోపలికి పోయి కడవలో నుంచి చెంబు ముంచి తెచ్చింది. చేతికివ్వాలా, కింద పెట్టాలా అని ఆగింది. పెద్దరైతు తల్లి చెయ్యి చాచి ఆమె చేతిలో నుంచే అందుకుని, గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. వాకిట్లో నిలబడ్డవాళ్లంతా తన వైపే చూస్తున్నారని అప్పుడు గమనించినట్టుంది.

"ఏంది సూస్తాండారు?" అంది. "మా కాలువ నీళ్లే గదప్పా!"